పన్నే లేనప్పుడు ఫీజు ఎందుకు?

కూరగాయల బండతను కొత్తిమీర కట్టకి రెండు రూపాయలు ఎక్కువ చెబితే నిలబెట్టి అడుగుతాం. పాల లెక్కలో అర లీటరు తేడా వస్తే గోడ మీది క్యాలెండర్ తెచ్చి చూపిస్తాం. గ్యాసు బండ తెచ్చిన అబ్బాయి చిల్లర లేదంటే పక్కింట్లో అడిగి మరీ తెచ్చి ఇస్తాం. ఇంత లెక్కగా ఉండే మనమే ఆదాయపు పన్ను రిటర్ను దగ్గరికి వచ్చేసరికి, కంప్యూటర్ తెర మీద ‘అప్‌గ్రేడ్ చేయండి’ అని కనిపించగానే పదిహేను వందలో, రెండు వేలో కిమ్మనకుండా కట్టేస్తాం.

కారణం ఒక్కటే, భయం. అది పన్నుకు సంబంధించిన మాట. కట్టకపోతే ఏమవుతుందో, నోటీసు వస్తుందేమో, ఇంట్లో వాళ్ళు ఏమంటారో! ఆ భయంలో మనం అడగాల్సిన చిన్న ప్రశ్న మర్చిపోతాం. ఈ డబ్బు ఎవరికి వెళుతోంది?

గవర్నమెంటుకా, మీకా?

మా వీధి చివర ఉండే పిన్నిగారికి అరవై మూడేళ్ళు. బాబాయిగారు పోయాక వచ్చే కుటుంబ పింఛను నెలకు పద్నాలుగు వేలు. ఆయన దాచిన డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో దాని మీద 72,000 రూపాయల వడ్డీ వచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం అరవై దాటినవారికి ఏడాదికి 50,000 మించి వడ్డీ వస్తే బ్యాంకు పది శాతం టీడీఎస్ పట్టుకోవాలి. అలా 7,200 పట్టుకుంది.

పింఛనూ వడ్డీ కలిపినా ఆవిడ ఆదాయం రెండు లక్షల నలభై వేలు. ఆ ఏడాది కొత్త పన్ను విధానంలో మూడు లక్షల దాకా అసలు పన్నే లేదు. అంటే ఆ 7,200 పూర్తిగా ఆవిడకే తిరిగి రావాలి. రావాలంటే రిటర్ను వేయాలి. నెట్ సెంటర్‌కి వెళ్ళారు. అక్కడి అబ్బాయి ఒక ప్రైవేటు వెబ్‌సైటు తెరిచి, అరగంట సేపు అన్నీ నింపి, చివరికి ఇలా అన్నాడట.

“ఆంటీ, మీకు ఫ్యామిలీ పెన్షన్ ఉంది కదా, ఫ్రీ ప్లాన్‌లో అవదు. పైన ప్లాన్‌కి అప్‌గ్రేడ్ చెయ్యాలి. జీఎస్టీతో కలిపి పద్దెనిమిది వందలు చిల్లర అవుతుంది. నా చార్జీ వేరే.”

పిన్నిగారు పెద్ద చదువులు చదవలేదు. కానీ సరైన ప్రశ్న అడిగారు. “ఈ పద్దెనిమిది వందలు గవర్నమెంటుకా బాబూ, మీకా?”

ఆ అబ్బాయి నిజాయితీగానే చెప్పాడు. “గవర్నమెంటుకి కాదాంటీ, సైట్ వాళ్ళకి.”

“అయితే ఆగు,” అని పేపర్లు తీసుకుని ఇంటికొచ్చేశారు. మర్నాడు మధ్యాహ్నం ఆవిడా నేనూ కూర్చుని ప్రభుత్వ వెబ్‌సైటులోనే రిటర్ను వేశాం. గంట పట్టింది. రూపాయి ఖర్చు లేదు. కొన్ని వారాల్లో 7,200 ఆవిడ ఖాతాలో పడింది. ఏడు వేలలో రెండు వేలు ఫీజుగా పోవడం అంటే ఆవిడకు ఒక నెల మందుల ఖర్చు పోవడమే.

రిటర్ను ఉచితమే

ముందు ఈ ఒక్క విషయం మనసులో గట్టిగా పెట్టుకోండి. మన దేశంలో ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయడానికి ప్రభుత్వం ఏ ఫీజూ తీసుకోదు. గడువు దాటితే ఆలస్య రుసుము ఉంటుంది, అది వేరే సంగతి. ఇన్‌కంటాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనేది ఆదాయపు పన్ను శాఖ సొంత వెబ్‌సైటు. 2021 జూన్ 7న మొదలైంది. చిన్న పింఛనుదారు నుంచి పెద్ద వ్యాపారి దాకా ఎవరి ఫారమైనా అందులో ఉచితమే. ఇంటర్నెట్ సరిగా రాని ఊళ్ళో ఉంటే కంప్యూటర్‌లోకి దించుకుని నింపే సాఫ్ట్‌వేర్ కూడా శాఖే ఉచితంగా ఇస్తుంది. ఏటా కొత్తది వస్తుంది, అదీ ఉచితమే.

మరి ప్రైవేటు వెబ్‌సైట్లు? అవి మోసం అనడం లేదు. శాఖ దగ్గర నమోదు చేసుకుని, రిటర్నులు నింపిపెట్టే సేవ చేసే సంస్థలు ఉన్నాయి. అవి మన వివరాలు తీసుకుని, చివరికి అదే ప్రభుత్వ ఖాతాలోకి పంపుతాయి. టైలరు దగ్గర జాకెట్టు కుట్టించుకోవడం లాంటిది. కుట్టు రానివారికి, తీరిక లేనివారికి కూలి ఇవ్వడం న్యాయమే. కానీ చేతి రుమాలు అంచు కుట్టడానికి పట్టుచీర జాకెట్టు కూలి అడిగితే ఇస్తామా?

మీకు ఏ ఫారం కావాలి?

ప్లాను ఏది కొనాలో వెబ్‌సైటు చెబుతుంది. మీకు ఏ ఫారం కావాలో ముందు మీరే తెలుసుకుంటే, ఆ మాట ఎంత నిజమో తెలిసిపోతుంది. వ్యక్తులకు ముఖ్యంగా కావలసినవి నాలుగు.

సహజ్ అని పిలిచే ఐటీఆర్-1: జీతం, పింఛను, కుటుంబ పింఛను, బ్యాంకు వడ్డీ, సొంత ఇల్లు ఉండి, మొత్తం ఆదాయం 50 లక్షలు మించనివారికి. టీచర్లు, గుమాస్తాలు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, డిపాజిట్ల వడ్డీ వచ్చే గృహిణులు చాలామంది ఇందులోకే వస్తారు.

ఐటీఆర్-2: వ్యాపారం లేకుండా, స్థలమో బంగారమో షేర్లో అమ్మి లాభం వచ్చినవారికి, సహజ్‌లో ఇమడని ఇళ్ళ అద్దెలు ఉన్నవారికి.

ఐటీఆర్-3: పుస్తకాలు రాసే వ్యాపారం, వృత్తి ఉన్నవారికి.

సుగమ్ అని పిలిచే ఐటీఆర్-4: చిన్న వ్యాపారం మీద వచ్చిన అమ్మకాల్లో ఇంత శాతం లాభం అని అంచనాగా చూపించుకునేవారికి. చీరల వ్యాపారం, పచ్చళ్ళ వ్యాపారం ఇంటి దగ్గర చేసుకునేవారికి సాధారణంగా ఇది సరిపోతుంది.

ఇక్కడ చాలామందికి ఇంకా చేరని మార్పు ఒకటి ఉంది. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు వెయ్యో రెండు వేలో వేసే ఆడవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. పిల్ల పెళ్ళికో, ఫీజుకో అందులోంచి కొంత తీస్తారు. ఇదివరకు అలా తీసిన దాంట్లో చిన్న లాభం ఉన్నా సహజ్ పనికొచ్చేది కాదు, ఐటీఆర్-2 వేయాల్సి వచ్చేది. 2024-25 ఆదాయానికి వేసిన రిటర్నుల నుంచి ఇది మారింది. షేర్లు, ఈక్విటీ ఫండ్లు ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మితే వచ్చిన లాభం 1,25,000 మించకపోతే, పాత నష్టాలు సర్దుకోవలసిన పని లేకపోతే, సహజ్‌లోనే చూపించవచ్చు. ఆ లాభం మీద పన్ను కూడా లేదు. కానీ ‘క్యాపిటల్ గెయిన్స్’ అనే మాట వినగానే పెద్ద ప్లానుకు తోసే అలవాటు మాత్రం అలాగే ఉంది. ముప్ఫై వేల లాభానికి, పన్నే లేని లాభానికి, వేలల్లో ఫీజు కట్టిస్తారు.

ఏడాది లోపే అమ్మినా, బంగారం అమ్మినా ఐటీఆర్-2 కావాలి. అయితే అది కూడా ప్రభుత్వ సైటులో ఉచితమే. ఫారం పెద్దదైతే పని పెరుగుతుంది గానీ రుసుము పుట్టదు.

అప్‌గ్రేడ్ ఎప్పుడు అడుగుతారు?

గమనించారా? మొదట్లో అడగరు. పేరు, పాన్, జీతం, బ్యాంకు అన్నీ నింపి, రీఫండ్ ఇంత అని పచ్చ రంగులో చూపించి, ‘దాఖలు చేయండి’ అన్న బటన్ నొక్కబోయే ముందు అడుగుతారు. అప్పటికి గంట గడిచింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళ. మళ్ళీ మొదటి నుంచి ఎవరు చేస్తారు అనిపించి కట్టేస్తాం. అమ్మకం కిటుకంతా అక్కడే ఉంది.

తరచుగా వినిపించే కారణాలు ఇవి.

‘మీకు రెండు ఫారం 16లు ఉన్నాయి.’ ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే ఇద్దరు యజమానులూ చెరొకటి ఇస్తారు. దీనికి వేరే ఫారం అక్కర్లేదు. సహజ్‌లోనే రెండు జీతాలూ కలిపి చూపించవచ్చు. ఒక్కటే జాగ్రత్త. స్టాండర్డ్ డిడక్షన్ ఇద్దరూ ఇచ్చి ఉంటారు, మనకు వచ్చేది మాత్రం ఒక్కసారే. రెండుసార్లు తీసేస్తే తర్వాత పన్ను కట్టమంటారు.

‘రీఫండ్ త్వరగా వస్తుంది.’ రీఫండ్ ఇచ్చేది బెంగళూరులోని ఆదాయపు పన్ను శాఖ ప్రాసెసింగ్ కేంద్రం. ప్రీమియం ప్లాను కొన్నారని మీ కాగితం ముందుకు జరగదు. త్వరగా రావాలంటే మనం చేయగలిగినవి రెండు. బ్యాంకు ఖాతాను సైటులో ముందే ధృవీకరించి పెట్టుకోవడం, రిటర్ను పంపిన వెంటనే ఈ-వెరిఫై చేయడం. రెండూ ఉచితమే.

‘నోటీసు వస్తే చూసుకుంటాం.’ దీనికోసం కొన్నిచోట్ల అడగకుండానే గడిలో టిక్కు పెట్టి ఉంటుంది. బిల్లు చూసేటప్పుడు ఆ టిక్కు తీసేయండి. రిటర్ను వేశాక శాఖ నుంచి ఒక సమాచారపత్రం అందరికీ వస్తుంది. మీరు చూపిన లెక్క, వాళ్ళు వేసిన లెక్క పక్కపక్కన ఉంటాయి. అది నోటీసు కాదు, భయపడక్కర్లేదు.

‘పాత విధానమా, కొత్త విధానమా, ఏది లాభమో చెబుతాం.’ ప్రభుత్వ సైటులోనే ఉచిత లెక్కింపు యంత్రం ఉంది. అంకెలు వేస్తే రెండింటిలో ఎంత పన్నో చూపిస్తుంది.

ఇలాంటి మాట కనిపించగానే చేయవలసిన పని చాలా చిన్నది. చెయ్యి తీసేయండి. సగంలో వదిలేస్తే ఏ నష్టమూ లేదు. మీరు చివరి బటన్ నొక్కి పంపేదాకా శాఖకు ఏమీ చేరదు. తెర మీది అంకెలు ఒక కాగితం మీద రాసుకుని, ప్రభుత్వ సైటులోకి వెళ్ళి అవే నింపుకోవచ్చు. గంట కష్టం వృథా కాదు.

అమెరికాలోని మన పిల్లల సంగతి

ఈ తంతు ఇక్కడ పుట్టింది కాదు. చదువులకీ ఉద్యోగాలకీ మన పిల్లలు వెళ్ళిన అమెరికాలో ఇది పాత కథ. అక్కడ కోర్టుల దాకా, కమిషన్ల దాకా వెళ్ళింది కాబట్టి ఎలా నడుస్తుందో రికార్డుల్లోనే ఉంది. ఫోన్‌లో పిల్లలకు చెప్పడానికైనా మనకు తెలిసి ఉండాలి.

టర్బోటాక్స్ అనే సాఫ్ట్‌వేర్ అక్కడ చాలా ప్రసిద్ధం. ఇంట్యూట్ అనే సంస్థది. 2014 సంవత్సరపు లెక్కల కోసం అమ్మిన డీలక్స్ రకం నుంచి షేర్లు, సొంత వ్యాపారం లెక్కలు వేసే భాగాలు తీసేసి, అవి కావాలంటే పై రకం కొనమన్నారు. ఏళ్ళ తరబడి అదే రకం కొంటున్నవాళ్ళు మండిపడ్డారు. 2015 జనవరిలో సంస్థ క్షమాపణ చెప్పి పాత వినియోగదారులకు 25 డాలర్లు తిరిగిస్తామంది. నలుగురూ నోరు విప్పితే ఏమవుతుందో చూశారా!

తక్కువ ఆదాయం వారికి ఉచితంగా రిటర్ను వేసే ఏర్పాటు అక్కడి పన్ను శాఖ, సాఫ్ట్‌వేర్ సంస్థలు కలిసి 2002లో కుదుర్చుకున్నాయి. కానీ ఆ ఉచిత పేజీ గూగుల్‌లో వెతికినా దొరక్కుండా ఇంట్యూట్ చేసిందని 2019లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ బయటపెట్టింది. ఉచితం అని పిలిచి, చివర్లో డబ్బు కట్టించారన్న ఆరోపణ మీద 2022లో అన్ని రాష్ట్రాలతో ఒప్పందం కుదిరింది. తప్పు ఒప్పుకోకుండానే ఆ సంస్థ 14 కోట్ల 10 లక్షల డాలర్లు కట్టింది. సుమారు 44 లక్షల మందికి ఆ డబ్బు పంచారు.

హెచ్ అండ్ ఆర్ బ్లాక్ అనే ఇంకో పెద్ద సంస్థ మీద 2024 ఫిబ్రవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫిర్యాదు చేసింది. పై ప్లానుకు వెళ్ళడం ఒక్క నొక్కుతో అయిపోతుందట. కింది ప్లానుకు దిగాలంటే మాత్రం ఫోన్ చేసి బతిమాలాలి, పైగా అప్పటిదాకా నింపినదంతా చెరిగిపోతుంది అన్నది ఆ ఫిర్యాదు. 70 లక్షల డాలర్ల ఒప్పందంతో ఆ వ్యవహారం ముగిసింది. ఎక్కే మెట్లు నున్నగా, దిగే మెట్లు విరిగి ఉంటే ఆ ఇల్లు ఎవరికోసం కట్టారో అర్థమవుతుంది కదా!

ప్రభుత్వమే నేరుగా రిటర్ను తీసుకునే డైరెక్ట్ ఫైల్ అనే ఏర్పాటు అక్కడ 2024లో 12 రాష్ట్రాల్లో మొదలై 2025లో 25 రాష్ట్రాలకు పెరిగింది. ఆ తర్వాత ఆపేశారు. ఫ్రీ ఫైల్ మాత్రం ఉంది. 2024 సంవత్సరపు ఆదాయం 84,000 డాలర్ల లోపు ఉన్నవారు దాన్ని ఉచితంగా వాడుకోగలిగారు. అందులోకి వెళ్ళేటప్పుడు పన్ను శాఖ సొంత వెబ్‌సైటు ద్వారానే వెళ్ళాలి. ప్రకటన చూసి సంస్థ సైటుకి నేరుగా వెళితే దారి వేరేచోటికి పోతుంది.

మీ అబ్బాయో అమ్మాయో స్టూడెంట్ వీసా మీద వెళ్ళి కొద్ది సంవత్సరాలే అయితే మరొక సంగతి చెప్పండి. సాధారణంగా మొదటి ఐదు సంవత్సరాలు వారిని పన్ను లెక్కకు అక్కడి నివాసులుగా చూడరు. వారు వేయాల్సింది 1040-ఎన్‌ఆర్ అనే ఫారం. అది టర్బోటాక్స్‌లో లేదు. ఎంత పెద్ద ప్లాను కొన్నా రాదు, పైగా నివాసుల ఫారం వేస్తే అది తప్పు రిటర్ను అవుతుంది. చాలా యూనివర్సిటీలు తమ విదేశీ విద్యార్థులకు ఈ ఫారం వేసే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానో తక్కువకో ఇప్పిస్తాయి. కొనే ముందు యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసులో ఒక్క మాట అడగమనండి.

ఇంట్లోనే వేసుకోవాలంటే

మన సంగతికి వద్దాం. మధ్యాహ్నం పనులయ్యాక రెండు గంటలు వీలు చూసుకోండి. జూలై చివరి వారం దాకా ఆగితే రద్దీలో సైటు నెమ్మదిస్తుంది, కంగారులోనే డబ్బు పోతుంది.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి: పాన్ కార్డు, ఆధార్, ఆధార్‌కు కలిపి ఉన్న సెల్‌ఫోను, బ్యాంకు పాసుపుస్తకం, జీతమో పింఛనో వచ్చేవారికి ఫారం 16, బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్. పాన్, ఆధార్ ఒకదానికొకటి జతయ్యాయో లేదో కూడా చూసుకోవాలి. జతకాకపోతే రీఫండ్ రాదు. మ్యూచువల్ ఫండ్ ఉంటే దాని రికార్డులు చూసే క్యామ్స్, మన హైదరాబాదులోని కేఫిన్ సంస్థల నుంచి లాభనష్టాల పట్టీ ఉచితంగానే తెప్పించుకోవచ్చు.

సైటులో పాన్ నంబరే మీ యూజర్ పేరు. లోపలికి వెళ్ళగానే రెండు పట్టీలు చూడండి. ఒకటి 26ఏఎస్. మీ పేరు మీద ఎవరు ఎంత టీడీఎస్ పట్టుకుని కట్టారో అందులో ఉంటుంది. రెండోది ఏఐఎస్ అనే వార్షిక సమాచార పట్టీ. మీకొచ్చిన వడ్డీ, డివిడెండు, అమ్మిన ఫండ్లు అన్నీ అందులో కనిపిస్తాయి. మీరు మర్చిపోయిన పాత పోస్టాఫీసు ఖాతా వడ్డీ కూడా కనిపించవచ్చు!

తర్వాత ఫారం తెరిస్తే చాలా గడులు ముందే నింపి ఉంటాయి. పేరు, జీతం, టీడీఎస్ అన్నీ. మన పని వాటిని మన కాగితాలతో సరిచూసి, తప్పుంటే దిద్దడం. కిరాణా సరుకులు వచ్చాక చిట్టీతో సరిచూసుకుంటామే, అచ్చం అలాగే.

పంపించాక 30 రోజుల్లోపు ఈ-వెరిఫై చేయాలి. ఆధార్ ఓటీపీతో ఒక్క నిమిషం పని. ఇది చేయకపోతే రిటర్ను వేయనట్టే లెక్క. గడువు దాటి వేస్తే ఆలస్య రుసుము 5,000, ఆదాయం ఐదు లక్షలు మించకపోతే 1,000. పైగా జీతం, పింఛను ఉన్నవారికి పాత విధానం ఎంచుకునే వీలు కూడా పోతుంది.

ఎక్కడైనా ఆగిపోతే శాఖ వారి ఉచిత ఫోన్ నంబరు 1800 103 0025 ఉంది. పని దినాల్లో చేస్తే మాట్లాడతారు.

అసలు టీడీఎస్ పట్టుకోకుండానే చూసుకోవడం అన్నిటికంటే మేలు. పన్ను రాని ఆదాయమే ఉంటే ఏప్రిల్‌లోనే బ్యాంకుకు వెళ్ళి, 15జీ, 15హెచ్ పేర్లతో మనం ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన డిక్లరేషన్ ఇవ్వాలి. 2025 ఏప్రిల్ నుంచి టీడీఎస్ హద్దు కూడా పెరిగింది. అరవై దాటినవారికి బ్యాంకు వడ్డీ లక్ష దాకా, మిగతావారికి 50,000 దాకా పట్టుకోరు. అరవై దాటినా దాటకపోయినా బ్యాంకులో పాన్ ఇవ్వకపోతే మాత్రం పది శాతం బదులు ఇరవై శాతం పోతుంది.

2025లో పార్లమెంటు కొత్త ఆదాయపు పన్ను చట్టం చేసింది. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి అదే వర్తిస్తుంది. కాగితాల పేర్లు, నంబర్లు మారినా, ముందు మీ ఫారం ఏదో తెలుసుకుని తర్వాత ఖర్చు సంగతి ఆలోచించడం అన్న పద్ధతి మారదు.

తాళంచెవి మీ దగ్గరే

ఫీజు కంటే పెద్ద సంగతి ఒకటుంది. చాలామంది ఆడవాళ్ళ పాన్ నంబరు మీద నమోదైన ఫోను, ఈమెయిలు వారివి కావు. నెట్ సెంటర్ అతనిదో, మరిదిదో, ఎప్పుడో సాయం చేసిన ఆఫీసు గుమాస్తాదో అయి ఉంటాయి. శాఖ నుంచి ఏ కబురొచ్చినా అక్కడికే వెళుతుంది. పాస్‌వర్డు అతని నోటుబుక్కులో ఉంటుంది. వచ్చే ఏడాది అతను ఎంత అడిగితే అంత ఇచ్చి అక్కడే చేయించుకోవాలి. మన బీరువా తాళం ఎవరి దగ్గరో ఉంచి, తీయమని అడిగినప్పుడల్లా కూలి ఇస్తున్నట్టే కదా!

రిటర్ను ఎవరు నింపినా ఫరవాలేదు. ఫోను, ఈమెయిలు మాత్రం మీవే ఉండాలి. సైటులోని ప్రొఫైల్‌లో మార్చుకోవచ్చు. దాఖలయ్యాక వచ్చే రసీదు ఒక కాపీ తీసి ఫైల్లో పెట్టండి. బ్యాంకు అప్పుకైనా, పిల్లల వీసాకైనా ముందు అడిగేది అదే.

ఇంకొక హెచ్చరిక. రీఫండ్‌లో ఇంత శాతం ఇవ్వండి, ఎక్కువ రప్పిస్తాం అనేవారి దగ్గరికి అసలు వెళ్ళకండి. లేని అద్దె రసీదులు, ఇవ్వని విరాళాలు చూపించి రప్పిస్తారు. సంతకం మనది, తర్వాత పన్నూ జరిమానా కట్టేదీ మనమే.

డబ్బిచ్చి చేయించుకోవడం తప్పా?

కాదు. స్థలం అమ్మినవారు, షేర్లలో రోజువారీ వ్యాపారం చేసేవారు, విదేశాల్లో ఖాతాలున్నవారు, దుకాణం పుస్తకాలు రాసేవారు మంచి ఆడిటరు గారి దగ్గరికి వెళ్ళడమే తెలివి. అక్కడ ఇచ్చే ఫీజు బుర్రకు ఇచ్చే ఫీజు. ఆయన మీ కాగితాలు చదువుతారు, ప్రశ్నలు అడుగుతారు, రేపు అడిగితే జవాబు చెబుతారు. కళ్ళు సరిగా కనిపించని పెద్దవారు నెట్ సెంటర్ అబ్బాయికి వందో రెండొందలో ఇచ్చి ప్రభుత్వ సైటులోనే నింపించుకోవడం కూడా సబబే. వెళ్ళేటప్పుడే “ప్రభుత్వ సైటులోనే వెయ్యి బాబూ” అని చెప్పండి.

డెబ్బై ఐదు దాటి, పింఛనూ వడ్డీ ఒకే బ్యాంకులో వచ్చేవారైతే ఆ బ్యాంకుకు డిక్లరేషన్ ఇస్తే చాలు, వాళ్ళే పన్ను లెక్క చూస్తారు, రిటర్నే అక్కర్లేదు. ఇంట్లో అలాంటి పెద్దవారు ఉంటే ముందు బ్యాంకులో అడగండి.

మిగిలిన మనందరికీ కావలసింది ఒక మధ్యాహ్నం తీరిక, కాస్త ధైర్యం. మొదటి ఏడాది రెండు గంటలు పడుతుంది. రెండో ఏడాది ముప్పావు గంట. మూడో ఏడాదికి పక్కింటావిడకు మీరే వేసిపెడతారు. పన్ను కట్టాల్సి వస్తే కడదాం, అది రోడ్డుకూ బడికీ ఆసుపత్రికీ వెళ్ళే డబ్బు. అక్కర్లేని ప్లానుకు మాత్రం మన పసుపు కుంకుమల డబ్బు పోనివ్వక్కర్లేదు. ఈసారి తెర మీద ‘అప్‌గ్రేడ్’ అని కనిపిస్తే పిన్నిగారి ప్రశ్నే వేసుకోండి. “ఇది గవర్నమెంటుకా, మీకా?”